చిమ్మెటకు పోసిన కల్లు

ఆ ఉదయం జ్ఞానశేఖర్ మాస్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టవలసింది ఏమీ లేదు. బడి వదిలాక బజారుకు వెళ్లి బెల్లం కొనాలి. పండ్ల బండి దగ్గర ఎవరూ కొనకుండా మిగిలిపోయిన మగ్గిన అరటిపళ్లు అడగాలి. చర్చి గంట కొట్టే జకర్యాతో చెప్పి ముంతెడు కల్లు తెప్పించాలి. మూడూ కలిపి పెరట్లో ఉడికించి, పొద్దువాలే వేళకు మారేడ్‌పల్లి చివర ఉన్న చెట్ల మొదళ్లకు పూయాలి. ఇంతే. కాకపోతే మాస్టారు సికింద్రాబాదులో ఒక బాప్టిస్టు సంఘానికి పెద్ద. ఆ సంఘంవారి మద్యపాన నిరోధక సమితికి కార్యదర్శి కూడాను. ఏటా పిల్లల్ని నిలబెట్టి, కల్లు ముంతను కన్నెత్తి కూడా చూడబోమని వాళ్ల చేత ప్రమాణం చేయించేది ఆయనే.

దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగును మామూలు మనిషి చెయ్యి విసిరి తోలేస్తాడు. బట్టలు కొరికే జాతి అని చిమ్మెటలకు చెడ్డపేరు కూడా ఉంది. మాస్టారికి మాత్రం అవంటే ప్రాణం. గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో సైన్సు చెప్పడానికి వచ్చిన కొత్తల్లో, తిరుమలగిరిలో ఉండే ముసలి మిలిటరీ డాక్టరు దొర ఒకాయన ఈ పిచ్చి అంటించాడు. చెట్టుబెరడుకు తీపి, పులుపు కలిసిన లేపనం పూస్తే చిమ్మెటలు వాసనకు వచ్చి వాలతాయి, తాగి మత్తెక్కి కదలకుండా కూర్చుంటాయి, అప్పుడు మెల్లగా సీసాలోకి దించుకోవచ్చునని నేర్పింది ఆ దొరే.

కిందటి వానాకాలం చివర మాస్టారికి ఒక మగ చిమ్మెట దొరికింది. పై రెక్కలు వేపబెరడు రంగు. వాటిని విప్పితే లోపలి రెక్కల మీద పసుపు కొమ్ముతో గీసినట్టు ఒక వంపు చార. దొర భూతద్దం పెట్టి చూశాడు, తన పుస్తకాలన్నీ తిరగేశాడు, చివరికి "దీనికి పేరు లేదు మాస్టర్" అన్నాడు. ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. దేవుడు చేసి వదిలేసిన ప్రాణి, జంతువులన్నిటికీ పేర్లు పెట్టిన ఆదాము కూడా మరిచిపోయిన ప్రాణి, తన అరచేతిలో ఉంది.

అయితే దొర ఒక మెలిక పెట్టాడు. ఒక్క మగదాన్ని చూసి పేరు పెడితే, ఇది ఫలానా పురుగే, కొంచెం రంగు తేడా వచ్చిందని రేపు ఎవడైనా కొట్టిపారేస్తాడు. ఆడది కూడా దొరకాలి. రెండూ ఉంటే తాను లండనుకు పట్టుకుపోయి, మాస్టారు చెప్పిన పేరే పెట్టిస్తాడు. కానీ దొర సామాను సర్దేసుకున్నాడు. అవి నిజాం సంస్థానం ఎటు పోతుందో ఎవరికీ తెలియని రోజులు. వీధుల్లో రజాకార్ల కవాతులు, సరిహద్దుల్లో యూనియన్ సైన్యం, వస్తుందో రాదో తెలియని రైలు. గొడవ సద్దుమణిగి బొంబాయి బండి కదిలిన రోజే దొర వెళ్లిపోతాడు. ఆలోగా ఆడ చిమ్మెట దొరికితే దొరికినట్టు. లేకపోతే లేదు.

ఆ పేరు ఏమిటో మాస్టారు ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. భార్య మేబెల్ పేరు. దానికి కారణం ఉంది. ఆమె పెళ్లినాటి ట్రంకుపెట్టెలో కర్పూరం బిళ్లల మధ్య చిమ్మెటలు పడుకుంటాయి, ఆమె చీరలు దండెం మీద ఉంటాయి. ఆమె ఎప్పుడూ పేచీ పెట్టలేదు. ఒక్కసారి మాత్రం అన్నం వడ్డిస్తూ, "ఇన్ని పురుగులకు నోరు తిరగని పేర్లు మీకు కంఠతా వచ్చు. నన్ను మాత్రం 'ఇదిగో' అంటారు" అన్నది. నవ్వుతూనే అన్నది. నవ్వుతూ అన్నందుకే ఆయనకు గుచ్చుకుంది.

పేరు ఖాయమయ్యే దాకా ఆమెకు తెలియకూడదని ఆయన అనుకున్నాడు. పొరపాటంతా అక్కడే జరిగింది. మంచిపని రహస్యంగా చేసే మొగుడూ, చెడ్డపని రహస్యంగా చేసే మొగుడూ బయటికి ఒక్కలాగే కనపడతారు.

మొదటి ఇబ్బంది జకర్యాతోనే వచ్చింది.

"కల్లా? మీకా సారూ?"

"నాకు కాదు జకర్యా."

"సమజయింది సారూ. ఎవ్వలకు చెప్ప."

"నిజంగానే నాక్కాదయ్యా. చెట్లకు."

జకర్యా జాలిగా తలూపాడు. "షురూల అందరు గట్లనే అంటరు సారూ."

అయినా మాట తప్పకుండా రోజూ ముంత తెచ్చి పెరటి గోడ మీద పెట్టేవాడు. మాస్టారు బెల్లం, అరటిపళ్లు కలిపి ఉడికించి, కుంచెతో చెట్లకు పూసేవాడు. చీమలు వచ్చేవి, గండుచీమలు వచ్చేవి. చిమ్మెట ఒక్కటి కూడా వచ్చేది కాదు. ఎందుకు రావడం లేదో ఆయనకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోవడంలో వింత లేదు. జకర్యా దారిలో సగం ముంత తాను తాగి, మిగతా సగం బావినీళ్లతో నింపి తెస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగి కల్లు వాసన చూడని మనిషికి అది చిక్కగా ఉందో పలచగా ఉందో ఎలా తెలుస్తుంది? లోపం బెల్లంలో ఉందనుకొని మాస్టారు ఇంకా ఎక్కువ బెల్లం కొన్నాడు.

ఆయనకు తెలియని ఆ వాసన మేబెల్‌కు తెలుసు. చిన్నప్పుడు వాళ్ల పల్లెలో ఆ వాసన వచ్చే ఇళ్లు ఉండేవి. ఆ ఇళ్లలోంచి ఆడవాళ్ల ఏడుపులు వినపడేవి. భర్త చొక్కా చేతులకు ఆ వాసన తగిలిన రోజున ఆమె చొక్కాను బకెట్లో ముంచి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే అబద్ధం చెప్తాడేమోనని భయం వేసింది. ఇన్నేళ్లలో ఆయన ఆమెతో అబద్ధం ఆడి ఎరగడు. ఆ ఒక్కటీ పోతుందేమోనని ఆమె బాధ.

చివరికి స్త్రీల సమాజం పెద్ద రోసమ్మతో చెప్పుకుంది. రోసమ్మ మంచి మనిషే, కాని ఆమె చెవిన పడ్డ సంగతి ఎప్పుడూ పడ్డంత చిన్నదిగా ఉండదు.

"ఇంట్ల బెల్లం సుత పోతున్నదా మేబెలమ్మా?"

"కొన్న బెల్లం కొన్నట్టే అయిపోతోంది. అరటిపళ్లు కూడా. పెరట్లో పొయ్యి మీద ఏదో ఉడికిస్తారు, నన్ను దగ్గరికి రానివ్వరు."

"ఓ యమ్మా! బెల్లం, అరటిపండ్లు, పొయ్యి! గది తాగుడు కాదు. సార్ సారా బట్టీ పెట్టిండు!"

మేబెల్ గబగబా లేచి తలుపు దగ్గరికి వేసింది. రోసమ్మ ఆగలేదు.

"మొన్న మాపటికి నేనే నా కండ్లతోని చూసిన. యాపచెట్టును కౌగిలించుకొని వాసన చూస్తుండు. 'ఇవ్వాళ్లన్న రావే' అని బతిమాలుతుండు. జెర ఎక్కువనే అయినట్టున్నది, చెట్టును పట్టుకొని ఎవర్నో పిలుస్తుండు!"

ఇంతలో ఆ సోమవారం యూనియన్ సైన్యాలు సంస్థానంలోకి దిగాయని వార్త వచ్చింది. పైన విమానాలు తిరిగాయి. బళ్లు మూసేశారు. ఎవరిని చూసి భయపడాలో తెలియక ఊరంతా అందరినీ చూసి భయపడింది. పాస్టరు యెషయా అయ్యగారు వారం మధ్యలో శాంతి కోసం ఒక ప్రార్థన కూడిక పెట్టించాడు. పెట్టించింది మాస్టారి ఇంట్లోనే. దేశం కోసం ఒక ప్రార్థన, ఆ ఇంటి కోసం ఒక ప్రార్థన అని ఆయన లెక్క.

ఇలాంటి కూడికల్లో ఒక మర్యాద ఉంది. ఒక మనిషిని మందలించాలంటే ముఖాన అనరు. అందరూ కళ్లు మూసుకొని ఆ మాట దేవుడితో అంటారు. అనిపించుకోవలసినవాడు పక్కనే చాప మీద కూర్చొని వింటాడు. అయ్యగారు ముందుగా నిజాం ప్రభువు కోసం, సైన్యాల కోసం, రెండు వైపులా చావబోయేవారి కోసం ప్రార్థించి, గొంతు తగ్గించాడు.

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరుడున్నాడు. చీకటి పడే వేళకు అతని అడుగులు తప్పుతున్నాయి. ఆ ముంత నుంచి అతన్ని విడిపించు."

"తండ్రీ, గా అన్న చేతులకెల్లి ముంత గుంజుకో!" అన్నది రోసమ్మ. మేబెల్ వెక్కి వెక్కి ఏడ్చింది.

ముంత అనగానే మాస్టారికి జకర్యా గుర్తొచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచుకొని కూర్చున్నాడు కూడా. పాపం, తన కోసం రోజూ కల్లు తెస్తూ ఎవరి కంటనో పడ్డాడన్నమాట! తన మూలంగా ఒక అమాయకుడు సంఘమంతటి నోళ్లలో నానుతున్నాడు. ఆయన ఇక ఆగలేకపోయాడు. కళ్లు గట్టిగా మూసుకొని, పెద్ద గొంతుతో అందుకున్నాడు.

"ప్రభువా, ఆ సహోదరుణ్ణి ఏమీ అనవద్దు. ఆ ముంతకు మూలం నేను. నేను అడగకపోతే ఆ కల్లు ఈ ఇంటి గోడ దాకా వచ్చేది కాదు. ఆ దోషమంతా నా తల మీద వెయ్యి!"

చాప మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. ఇంత నిండుగా ఒప్పుకున్న మనిషిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ మాస్టారిని కౌగిలించుకున్నాడు. మేబెల్ చాలా రోజుల తర్వాత భర్త వైపు నిదానంగా చూసి, టీలో ఒక చెంచా పంచదార ఎక్కువ వేసి ఇచ్చింది. జకర్యా మీద సంఘానికి కోపం పోయిందని మాస్టారు సంతోషించాడు. గుమ్మం దగ్గర జకర్యా మాత్రం వణికిపోతున్నాడు. తాను ముంతలో నీళ్లు కలపడం సారుకు తెలిసిపోయింది, తెలిసి కూడా తన పాపం సారు నెత్తిన వేసుకున్నాడు! ఇలా ఎవరికి అర్థమైనట్టు వాళ్లకు అర్థమై, అందరూ తృప్తిగా ఇళ్లకు వెళ్లారు.

శుక్రవారం సాయంత్రం నిజాం లొంగిపోయినట్టు రేడియోలో చెప్పారు. శనివారం సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. దారి పొడుగునా జనం పూలు చల్లారు. మొన్నటిదాకా తలుపులు బిగించుకున్న వీధులు తెరుచుకున్నాయి. మొన్నటిదాకా తెరిచి ఉన్న కొన్ని వీధులు తలుపులు బిగించుకున్నాయి. మాస్టారు జెండాలు చూసి సంతోషించాడు, ఆ మూసిన తలుపులు చూసి కొంత దిగులు పడ్డాడు. అంతలో రేపో ఎల్లుండో బొంబాయి బండి కదులుతుందని తిరుమలగిరి నుంచి దొర కబురు పంపాడు.

గొడవ రోజుల్లో ఆగిపోయిన ముంతను ఆదివారం మధ్యాహ్నం జకర్యా తెచ్చి చేతికే ఇచ్చాడు.

"నిండుగ తెచ్చిన సారూ. సుక్క సుత తగ్గలే. ఇగ ఎన్నడు తగ్గది."

ఆ మాటలకు అర్థమేమిటో మాస్టారికి తెలియలేదు. లేపనం ఈసారి పొయ్యి మీద ఉండగానే వీధి చివరిదాకా గుప్పుమంది. కళ్లు మండుతుంటే హడావుడిగా చెట్లకు పూసి, చేతులు కడుక్కొని, స్తోత్రార్పణ కూడికకు నాలుగింటికల్లా చర్చిలో ముందు బల్ల మీద కూర్చున్నాడు. వెనకాల మూడు బల్లలవాళ్లు మెల్లగా లేచి కిటికీల దగ్గరికి జరిగారు.

పాటలు అయ్యాక అయ్యగారు, "దేవుడు చేసిన మేలు గురించి మన మాస్టారు ఈ రోజున సాక్ష్యం చెప్తారు" అన్నాడు. దేశం సంగతి చెప్పమంటున్నారనుకొని మాస్టారు లేచి, రక్తపాతం ఎక్కువ కాకుండా గండం గడిచినందుకు దేవునికి వందనాలు చెప్పి, ఇక మీదట ఇరుగుపొరుగులను ప్రేమించాలని చెప్పి కూర్చున్నాడు.

"గదంత మంచిగనే ఉన్నది," అన్నది రోసమ్మ ఆడవాళ్ల వైపు నుంచి. "తాగుడు సంగతి చెప్పుండ్రి సారూ!"

"ఎవరి తాగుడు?"

"ఎవరిదేందీ? మీదే! మొన్న ఒప్పుకుంటిరి గద! ఇయ్యాల మళ్ల తాగొస్తిరి!"

మాస్టారు మేబెల్ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. కూడికలో ఆ సహోదరుడు తానేనని అప్పుడు తెలిసింది ఆయనకు. ఇన్ని రోజులు ఆమె ఏం మోసిందో కూడా అప్పుడే తెలిసింది.

"నేను చుక్క కూడా ముట్టలేదు. ఆ కల్లు... పురుగుల కోసం."

ఎవరో ఫక్కున నవ్వారు. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. "మాస్టారూ, ఒప్పుకున్నదాన్ని మళ్లీ కప్పిపుచ్చుకోకండి."

అప్పుడు వెనక గంట తాడు దగ్గర నుంచి జకర్యా గట్టిగా అరిచాడు. "సారు తాగలే అయ్యగారూ! సగం చెట్లు తాగినయి, సగం నేను తాగిన! కల్లుల నీళ్లు కలిపిన. మొన్న ప్రార్థన అయినంక బందు చేసిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి!"

దీంతో మాస్టారి మీద ఒక నింద పోయి ఇంకొకటి వచ్చింది. కార్యదర్శే గంట కొట్టేవాడికి కల్లు అలవాటు చేశాడని ఒకరు, కాదు మాన్పించాడని ఒకరు, చెట్లు కల్లు తాగడమేమిటని ఒకరు. చివరికి అయ్యగారు చెయ్యెత్తి, "వెళ్లి చూద్దాం" అన్నాడు.

తెల్ల బట్టల్లో ఉన్న సంఘమంతా పొద్దువాలే వేళకు మారేడ్‌పల్లి చివరకు నడిచింది. ఎవరో లాంతరు ఎత్తి పట్టారు. వేపచెట్టు మొదలంతా కదులుతోంది. బూడిదరంగువి, ఎర్రవి, కళ్లున్నట్టు చుక్కలున్నవి, ఎన్నెన్నో చిమ్మెటలు లేపనానికి మూతులు ఆనించి తాగుతున్నాయి. కొన్ని తాగి పక్కకు ఒరిగాయి. ఒకటి ఎగరబోయి అయ్యగారి బూటు మీద పడింది.

రోసమ్మ వంగి చూసింది. "ఏందమ్మా గిది! అచ్చం మా మరిది లెక్కనే తూలుతున్నయి!"

మాస్టారు ఆ మాట వినలేదు. బెరడు మీద, అందరికన్నా కిందుగా, పెద్ద వేపబెరడు రంగు రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. లోపల పసుపు చార. మగదానికున్నట్టు ఒకటి కాదు, రెండు. ఆయన జేబు తడుముకున్నాడు. చర్చికి వచ్చిన మనిషి దగ్గర సీసా ఎక్కడుంటుంది? లాంతరు దగ్గరికి వస్తే అది ఎగిరిపోతుంది.

మేబెల్ ఆయన ముఖం చూసింది. ఆయన జేబులోంచి కళ్లద్దాల డబ్బా లాగి, మూత తెరిచి, ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిబిడ్డ మీద దుప్పటి కప్పినంత మెల్లగా ఆ డబ్బాను దాని మీద మూసింది.

"దొరికిందా?" అన్నది అప్పుడు.

"దొరికింది," అన్నాడు మాస్టారు. "దీనికి నీ పేరు పెడదామని... అందుకే చెప్పలేదు."

"పురుగుకా?"

"లోకంలో ఇంకెవరికీ లేని పురుగుకు."

మేబెల్‌కు ఒక్కసారి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇన్ని రోజులు నేను చచ్చి బతికానండీ. ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా మంచిపని చెయ్యకండి" అన్నది. అందరూ వింటుండగానే అన్నది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ టాంగా ఎక్కి తిరుమలగిరి వెళ్లారు. దొర పెట్టెల మధ్య కూర్చొని డబ్బా తెరిచాడు, భూతద్దంలో చాలాసేపు చూశాడు, లేచి మేబెల్‌కు తలవంచి నమస్కారం చేశాడు. ఆడదే. పేరేమిటని అడిగితే మాస్టారు గర్వంగా చెప్పాడు. దొర నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. ఇదే ప్రజాతి చిమ్మెటల్లో ఒకదానికి ఎవరో ఇంగ్లీషు దొర ఎప్పుడో తన భార్య మేబెల్ పేరు పెట్టేశాడు. ఒకే పేరు రెండింటికి కుదరదు.

మాస్టారు కూలబడ్డాడు. వానలు, బెల్లం, నిందలు అన్నీ దాటి వచ్చి ఇక్కడ ఓడిపోయాడు. మేబెల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"నాకు ఇంకో పేరుంది," అన్నది నెమ్మదిగా. "మా అమ్మ దేవమ్మ అని పిలిచేది. బోర్డింగు బడిలో దొరసాని తన చెల్లెలి పేరు నాకు పెట్టింది. అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు."

పేరు లేని ప్రాణి కోసం చెట్టుచెట్టుకూ తిరిగిన మనిషికి, పేరు పోగొట్టుకున్న మనిషి తన ఇంట్లోనే ఉన్నదని అప్పుడు తెలిసింది. "దేవమ్మా," అన్నాడు మెల్లగా, పలికి చూసుకుంటున్నట్టు. ఆమె చటుక్కున ఇటు తిరిగింది. ఆ తిరగడం చూసి దొర గొంతు సవరించుకొని, కలం తీశాడు.

సూదికి గుచ్చిన ప్రతి పురుగు కిందా ఒక చిన్న చీటీ పెట్టడం ఆ శాస్త్రంలో ఆనవాయితీ. అందులో ఏ ఊళ్లో, ఎవరికి, ఏ స్థితిలో దొరికిందో ఉన్నదున్నట్టు రాయాలి. ఆ విధంగా మద్యపాన నిరోధక సమితి కార్యదర్శి భార్య పేరు లండనులో శాశ్వతంగా నిలిచింది, కల్లు తాగి మత్తులో ఉండగా పట్టుబడినట్టు.